ఇంట్లో కట్టుకునే సంప్ ఫిల్టర్: అపోహలు – వాస్తవాలు

నల్లగొండలో అక్వేరియం తొట్లు కట్టి, వాటికి ఫిల్టర్లు అమర్చడం నా వృత్తి. పెద్ద తొట్టి కింద స్టాండులో మరో తొట్టి ఉంచి, పైనుంచి పొర్లిన నీరు పైపు గుండా దానిలోకి దిగి, దూది, స్పాంజి, సిరామిక్ రింగుల మీదుగా పారి, చివరి గదిలోని మోటారు ద్వారా తిరిగి పైకి చేరేలా చేస్తే అదే సంప్ ఫిల్టర్. గాజు కోయించుకుని, పీవీసీ పైపులు తెచ్చుకుని ఎవరైనా ఇంట్లో కట్టుకోవచ్చు. కట్టడంలో జరిగే పొరపాట్ల కంటే, అది పనిచేసే తీరు గురించిన అపోహల వల్లే ఎక్కువ చేపలు చనిపోతున్నాయి.

అపోహ: మోటారు పైపుకు నాన్ రిటర్న్ వాల్వ్ (నీటిని ఒకే వైపు పోనిచ్చే మూత) బిగిస్తే కరెంటు పోయినా సంప్ పొంగదు.

వాస్తవం: వాల్వ్ మూతకు పాచి పట్టినా, చిన్న నత్త అడ్డుపడినా అది పూర్తిగా మూసుకోదు. అప్పుడు పై తొట్టిలో మునిగి ఉన్న మోటారు పైపు కొస గుండా నీరు వెనక్కి దిగుతూనే ఉంటుంది; ఆ కొస నీటి నుంచి బయటపడేదాకా ఆగదు. 120 సెంటీమీటర్ల పొడవు, 45 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న తొట్టిలో ఒక్క సెంటీమీటరు మట్టం అంటే 5.4 లీటర్లు. పైపు కొస 5 సెంటీమీటర్ల లోతున ఉంటే 27 లీటర్లు కిందికి వచ్చిపడతాయి. మోటారు నడుస్తున్నప్పుడే సంప్‌లో అంతకు మించిన ఖాళీ ఉండాలి. పైపుకు నీటి మట్టానికి కాస్త కింద చిన్న రంధ్రం చేస్తే, మట్టం అక్కడికి దిగగానే గాలి చొరబడి ధార తెగుతుంది. అయితే ఆ రంధ్రం పాచితో పూడుకుపోకుండా తరచూ పుల్లతో శుభ్రం చేయాలి. చేపలు వేయకముందే ప్లగ్గు తీసి, నీరు దిగడం ఆగేదాకా దగ్గరుండి చూడండి. సంప్ పొంగలేదని తేలాక మోటారు మళ్లీ వేసి, చివరి గదిలో నీరు నిలిచే చోట మార్కర్‌తో గీత గీసి, ఇకపై ఆ గీత దాటి నీరు పోయకండి.

ఇందుకు పూర్తిగా వ్యతిరేకమైన ప్రమాదం మరొకటి ఉంది, దాన్ని చాలామంది ఊహించరు. కిందికి దిగే పైపుకు ఆకో, చచ్చిన చేపో అడ్డుపడితే, మోటారు తన గదిలోని నీటినంతా పైకి తోసేస్తుంది. కాబట్టి ఆ గదిని చిన్నదిగా కట్టాలి. అందులోని నీరంతా ఎక్కినా పై తొట్టి పొర్లకూడదు.

అపోహ: నీళ్లు తేటగా ఉంటే ఫిల్టర్ సిద్ధమైనట్టే.

వాస్తవం: చేపల విసర్జన నుంచి వచ్చే అమ్మోనియా కంటికి కనిపించదు. దాన్ని నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులు రింగుల మీద స్థిరపడడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 7 నుంచి 8కి పెరిగితే విషపూరితమైన అమ్మోనియా వాటా దాదాపు పది రెట్లవుతుంది, వేడి దాన్ని ఇంకా పెంచుతుంది. క్షార గుణం ఉన్న బోరు నీటితో, ఎండాకాలంలో కొత్త తొట్టి మొదలుపెట్టేవారు అందుకే ఒకటి రెండు గట్టి చేపలతో మొదలుపెట్టి, నీటి పరీక్ష కిట్‌తో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా అని చూసుకున్నాకే మిగతావి తేవాలి.

అపోహ: బోరు నీళ్లలోని ఫ్లోరైడ్‌ను, ఉప్పును సంప్ తీసేస్తుంది.

వాస్తవం: తీయదు. ఫ్లోరైడ్ బాధ మన జిల్లాకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. పటిక, సున్నంతో తాగునీటి నుంచి ఫ్లోరైడ్ తొలగించే నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అనే పేరే ఉంది. ఆ పద్ధతి తాగునీటికి ఉద్దేశించినది, చేపలున్న తొట్టిలో పటిక వేయకూడదు. అలాగని పూర్తిగా ఆర్వో నీటికి మారడమూ సరికాదు. సూక్ష్మజీవులు ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్‌ను మార్చేటప్పుడు, ఆమ్లాన్ని అణిచే కార్బొనేట్ల లాంటి లవణాల బలం, అంటే క్షారత, సుమారు 7 మిల్లీగ్రాములు (కాల్షియం కార్బొనేట్ లెక్కన) ఖర్చవుతుంది. ఆర్వో నీటిలో లాగా కార్బొనేట్లు దాదాపు లేకపోతే పీహెచ్ పడిపోయి సూక్ష్మజీవుల పని మందగిస్తుంది. బోరు నీరు, ఆర్వో నీరు రెండూ కలిపి వాడడం నా సలహా. ఎండకు ఆవిరైన లోటును మాత్రం ఆర్వో నీటితోనే పూడ్చాలి, ఎందుకంటే నీరు ఆవిరైనా లవణాలు తొట్టిలోనే మిగిలిపోతాయి.

అపోహ: "అన్నా, సంప్ పెట్టినంక నీళ్లు మార్చే పనే ఉండదు గదా!"

వాస్తవం: సంప్ చివరికి మిగిల్చేది నైట్రేట్, దాన్ని బయటికి పంపాలంటే నీరు మార్చవలసిందే. వారానికి నాలుగో వంతు మార్చడం మంచి అలవాటు. తీసిన ఆ నీటిలోనే స్పాంజిని పిండి కడగాలి. నల్లా కింద కడిగితే క్లోరిన్ వల్ల సూక్ష్మజీవులు చస్తాయి. రింగులను మురికి పేరుకుంటే తప్ప ముట్టుకోనవసరం లేదు.

అపోహ: పెట్టె మీద రాసినంత నీటిని మోటారు పైకి పంపుతుంది.

వాస్తవం: ఆ అంకె సున్నా ఎత్తుకు రాసినది. ఎత్తు పెరిగేకొద్దీ, ఎల్బోలు (పైపు మలుపులు) ఎక్కువయ్యేకొద్దీ ధార తగ్గుతుంది. బకెట్‌ను పైపు కింద పెట్టి, అది ఎంతసేపటికి నిండిందో గడియారం చూసి లెక్కించండి. గంటకు తొట్టి పరిమాణానికి నాలుగైదు రెట్లు వస్తే చాలు.

అపోహ: గాజు అతికించే సిలికాన్ ఏదైనా ఒకటే.

వాస్తవం: బాత్‌రూమ్‌ల కోసం బూజు నిరోధక మందు కలిపి అమ్మే సిలికాన్ చేపలకు విషం. అక్వేరియానికి పనికొస్తుందని ట్యూబు మీద రాసి ఉన్నదే కొని, పుల్లటి వెనిగర్ వాసన పూర్తిగా పోయేదాకా ఆరబెట్టి, ఆ తర్వాతే నీరు నింపండి.