ఒడ్డున కూలబడిన పక్షికి ముందు కావలసింది తిండి కాదు

హైదరాబాద్‌కు సముద్రం లేదు. కానీ సెలవులకు విశాఖకో, సూర్యలంకకో వెళ్ళినప్పుడు ఇసుకలో లేవలేక కూర్చున్న పక్షి కనిపిస్తే మనలో చాలామంది చేసే పని ఒకటే: బాటిల్ మూత తీసి దాని నోట్లో నీళ్ళు పోస్తాం. సంక్రాంతికి మాంజా తగిలి డాబా మీద పడ్డ గద్దకూ అంతే. ఆ నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతే పక్షి అక్కడే చనిపోవచ్చు.

ఈ సంగతి ప్రపంచానికి కూడా ఆలస్యంగానే తెలిసింది. 1971 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర రెండు చమురు ఓడలు ఢీకొన్నాయి. జనం పరుగున వెళ్ళి, నూనెలో తడిసిన పక్షులను దాదాపు 4,300 వరకు ఏరుకొచ్చారు. తిరిగి వదలగలిగినవి సుమారు 300. వాళ్ళ ప్రేమకు లోటు లేదు, పద్ధతే తెలియదు. అదంతా కళ్ళారా చూసిన నర్సు ఆలిస్ బెర్క్‌నర్ ఆ ఏడాదే ఇంటర్నేషనల్ బర్డ్ రెస్క్యూ సంస్థను మొదలుపెట్టారు. ముందు వెచ్చదనం, నిశ్శబ్దం. తర్వాత ట్యూబుతో ద్రవాలు. కాస్త తేరుకున్నాకే సబ్బు నీళ్ళతో కడగడం, చేపలు పెట్టడం. ఈ వరుస ఏళ్ళ తరబడి పనిలో కుదిరింది. చిక్కి శల్యమైన పక్షికి వెంటనే చేప పెడితే అరగదు. 2000లో దక్షిణాఫ్రికా దగ్గర ట్రెజర్ అనే ఓడ మునిగి దాదాపు 19,000 పెంగ్విన్లు నూనెలో తడిస్తే, వాటిలో 90 శాతం దాకా బతికి సముద్రానికి చేరాయి. ఈ అంకె చదివినప్పుడల్లా నాకు ఆ 300 గుర్తొస్తాయి.

ఆకలికి మాత్రం సబ్బు నీళ్ళలాంటి మందు లేదు. 2014-16 మధ్య పసిఫిక్ నీరు విపరీతంగా వేడెక్కి, చిన్న చేపలు తగ్గిపోయాయి. రోజూ తన బరువులో సగం దాకా తినాల్సిన కామన్ మర్ పక్షి మూడు నుంచి ఐదు రోజులు పస్తుంటే చనిపోతుంది. కాలిఫోర్నియా నుంచి అలాస్కా దాకా ఒడ్డున దొరికినవే 62,000. అన్నిటినీ ఏ ఆసుపత్రి కాపాడగలదు?

కానీ మన ముందు పడి ఉన్న ఒక్క పక్షిని కాపాడుకునే వీలుంది. గాలి రంధ్రాలున్న అట్టపెట్టె, అడుగున పాత తువ్వాలు, పైన మూత, ఆ వెంటనే అటవీ శాఖకు ఫోన్. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ఇంట్లో ఉంచుకుని పెంచుకోకూడదు. మన చెరువుల్లోనూ కనిపించే గూడబాతు (పెలికాన్) అయితే ఇంకో జాగ్రత్త: పొడుస్తుందన్న భయంతో ముక్కుకు టేపు చుట్టొద్దు. బయటికి తెరుచుకునే ముక్కు రంధ్రాలు దానికి ఉండవు, ఊపిరి పీల్చేది నోటితోనే.