కంట్లో ఇంజక్షన్: చుక్కల మందుతో సరిపెట్టడం ఎప్పుడు మొదలైంది?

రెటీనా (కంటి వెనక ఉండే, చూపునిచ్చే పొర) జబ్బులకు కంట్లో వేసే ఇంజక్షన్‌కు మత్తు చుక్కలు చాలా, చాలవా అని డాక్టర్లకూ పేషెంట్లకూ మధ్య వాదన మళ్లీ మొదలైంది. కార్ల్ కోలర్ 1884లో కొకైన్ చుక్కలతో కంటిని మొద్దుబార్చిన కథ చాలామందికి తెలిసిందే. ఇప్పటి గొడవకు మూలం అక్కడ లేదు, 2005లో ఉంది.

అంతకుముందు కంటి లోపలికి సూది వెయ్యడం అరుదు. లోపల ఇన్ఫెక్షన్ ముదిరితేనో, అలాంటి అవసరం వస్తేనో వేసేవారు. కంటి చుట్టూ మత్తు ఇంజక్షన్ ఇచ్చి పావుగంట ఆగినా ఇబ్బంది ఉండేది కాదు. 2005లో, వయసు మీదపడి రెటీనా దెబ్బతిన్నవాళ్లకు క్యాన్సర్ మందు అవాస్టిన్‌ను కంట్లోకి ఇవ్వడం మొదలైంది. 2006 జూన్‌లో, అదే జబ్బుకు కంటి కోసమే తయారైన లూసెంటిస్ మందుకు అమెరికాలో అనుమతి వచ్చింది. దాని పరీక్షల్లో రెండేళ్లపాటు నెలనెలా సూదే. తర్వాత షుగర్ వల్ల రెటీనా వాచినవాళ్లూ ఈ వరుసలోకి వచ్చారు. అంతమందికి ప్రతి నెలా మత్తు సూది ఎక్కడ కుదురుతుంది? అర నిమిషంలో పనిచేసే చుక్కలే మిగిలాయి.

సూది సన్నం, 30 గేజ్, మందు 0.05 మిల్లీలీటర్లే, పని క్షణాల్లో అయిపోతుందని డాక్టర్లు అంటారు. నిజమే. చుక్కల బదులు మత్తు జెల్ ముందే పూస్తే, క్రిములను చంపడానికి వేసే అయోడిన్ కంటికి సరిగా అంటక ఇన్ఫెక్షన్ రావచ్చన్న భయంలోనూ అర్థముంది.

పేషెంట్ల మాట కాస్త ఓపికగా వినాలి. చుక్కల మత్తు పావుగంటకు అటూఇటూగా దిగిపోతుంది. వరుసలో అందరికీ ఒకేసారి చుక్కలు వేసేస్తే, చివర కూర్చున్న పెద్దాయన వంతు వచ్చేసరికి ఎంత మిగులుతుంది? పైగా చుక్కలు పైపొరను మొద్దుబార్చినంతగా సూది దిగే తెల్లగుడ్డు లోపలి పొరలను మొద్దుబార్చవు. సాయంత్రం ఇసుక పోసినట్టుండే మంట చాలావరకు అయోడిన్‌ది. ఆ సంగతి ముందే చెప్పి, సూది అయ్యాక కన్ను బాగా కడిగి పంపితే సగం టెన్షన్ తగ్గుతుంది. మత్తు చుక్కలు ఇంటికివ్వమని అడుగుతారు కొందరు. అది మాత్రం కుదరదు, పదేపదే వేస్తే నల్లగుడ్డు పైపొర దెబ్బతింటుంది.

మత్తు మందులో తడిపిన దూది పుల్లను సూది దిగే చోట కాసేపు ఆనించి ఉంచే పద్ధతి ఉంది. పెద్ద ఖర్చు లేదు. ఒక్కొక్కరికి ఒకట్రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే. నొప్పికి భయపడి నాలుగో ఇంజక్షన్‌కు రానివాళ్ల పేరు పక్కన రిజిస్టర్‌లో ‘రాలేదు’ అని రాస్తారు, ఎందుకో రాయరు.