శత్రువు అంతరిక్ష నౌకలో ఒక రాత్రి

చిరంజీవులకు ఆశీస్సులు.

గ్రహాంతర శత్రువుల నౌకలోకి ఒక శాస్త్రవేత్త దొంగచాటుగా దూరే పథకం నిజంగా పనిచేస్తుందా అని అడిగారు కదా. గ్రహాంతరవాసులు ఇంతవరకు మనకెవరికీ తగల్లేదు కాబట్టి వాళ్ళ సంగతి చెప్పలేను. శత్రువు అంతరిక్ష నౌకలోకి దూరి, రాత్రంతా అందులో పనిచేసి, తెల్లారేసరికి ఏమీ జరగనట్టు తిరిగి అప్పజెప్పిన ఉదంతం మాత్రం భూమి మీదే ఒకటి ఉంది. చేసింది అమెరికా గూఢచార సంస్థ సీఐఏ. నౌక సోవియట్ యూనియన్‌ది.

సినిమాల్లో హీరో లోపలికి దూకేదాకానే ఉత్కంఠ. ఇక్కడ లోపలికి వెళ్ళడం అన్నిటికంటే సులువైన భాగం. అవతలివాళ్ళు ఏది లెక్కపెడతారు, ఏది లెక్కపెట్టరు, విప్పినదాన్ని విప్పినట్టు తెలియకుండా మళ్ళీ బిగించగలమా? తల బద్దలయ్యేది వీటి దగ్గరే.

ముందు కాస్త నేపథ్యం. 1959లో సోవియట్లు చంద్రుడి వైపు మూడు నౌకలు పంపామని ప్రకటించారు. జనవరిలో లూనా 1 చంద్రుడికి సుమారు 6,000 కిలోమీటర్ల దూరం నుంచి దాటిపోయింది. సెప్టెంబరులో లూనా 2 నేరుగా వెళ్ళి చంద్రుణ్ణి ఢీకొట్టింది. అక్టోబరులో లూనా 3 మనకెప్పుడూ కనిపించని అవతలి వైపును ఫోటో తీసి పంపింది. వీటినే పత్రికలు లూనిక్‌లు అనేవి. వీటిని మోసుకెళ్ళిన రాకెట్టు ఆర్-7. దాన్ని మొదట తయారుచేసింది అణుబాంబును ఖండాలు దాటించడానికి. అందుకే అమెరికా వాళ్ళకు అంత ఆదుర్దా. చంద్రుడి దాకా ఎంత బరువు మోయగలదో తెలిస్తే, తమ నగరాల మీదికి ఎంత బరువు విసరగలదో కూడా తెలుస్తుంది.

అదే కాలంలో సోవియట్లు తమ పరిశ్రమల ఘనత చాటుకోవడానికి దేశదేశాలు తిరుగుతూ ఒక ప్రదర్శన పెట్టారు. అందులో లూనిక్ పైదశను, అంటే నౌకను ముక్కులో పెట్టుకుని ఉండే రాకెట్టు పై భాగాన్ని, కొత్తగా రంగు వేసి, ముక్కు భాగంలో లోపలికి కనిపించేలా కిటికీలు కోసి, ఎత్తుగా నిలబెట్టారు. అసలు వస్తువును ఊరూరా తిప్పే వెర్రివాళ్ళెవరుంటారు, ఇది బొమ్మే అయ్యుంటుందని ముందు అందరూ అనుకున్నారు. కొందరు విశ్లేషకులకు మాత్రం అనుమానం తీరలేదు. ఒక చోట ప్రదర్శన ముగిశాక గూఢచారులకు 24 గంటలపాటు దాని దగ్గర ఉండే వీలు చిక్కింది. చూస్తే అది అసలు సరుకే! ఇంజనూ, విద్యుత్ పరికరాల్లో చాలా భాగమూ తీసేశారు, మిగతాదంతా ఫ్యాక్టరీలో తయారైనది తయారైనట్టే ఉంది. నాకైతే ఆ కొత్త రంగు చూస్తే నవ్వొస్తుంది. రహస్యం దాచడంలో అంత పేరున్న దేశం, గొప్ప చూపించుకోబోయి తలుపు తెరిచిపెట్టింది.

ఆ మొదటి దఫాలో కొలతలు తీసుకున్నారు. కొలతలతో ఏమొస్తుందనుకుంటారేమో. రాకెట్టు ట్యాంకు ఎంత పెద్దదో తెలిస్తే అందులో ఎంత ఇంధనం పడుతుందో లెక్కకట్టొచ్చు. ఘనమీటరు ద్రవ ఆక్సిజన్ 1,140 కిలోలు తూగుతుంది, అంతే కిరోసిన్ సుమారు 800 కిలోలు. నిండుగా ఉన్నప్పటి బరువును ఖాళీ బరువుతో భాగిస్తే ఒక నిష్పత్తి వస్తుంది. ఆ రాకెట్టు ఎంత వేగం అందుకోగలదో తేల్చేది ఆ నిష్పత్తి, ఇంజనులోంచి వాయువులు వెలువడే వేగం, ఈ రెండే. అంటే ఇంజను లేని ఖాళీ డొల్ల కూడా సగం రహస్యం చెప్పేస్తుందన్నమాట.

మిగతా సగం ముద్రల్లో ఉంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చే ప్రతి భాగం మీద ఏదో ఒక అంకె, అక్షరం, తనిఖీదారు గుర్తు ఉంటాయి. వాటిని చదవడమే వృత్తిగా పెట్టుకున్న నిపుణుల విభాగం అమెరికా గూఢచార సంస్థలకు ఉండేది. అందులోంచి నలుగురిని పంపాలని నిర్ణయించారు. ఈ రెండో దఫా ఏ దేశంలో జరిగిందో సీఐఏ చాలాకాలం చెప్పలేదు. మెక్సికో అని తర్వాత బయటికొచ్చింది. 1959 చివర్లో అక్కడ సోవియట్ ప్రదర్శన జరిగింది.

ప్రదర్శన నడుస్తుండగా లూనిక్ దగ్గర సోవియట్ కాపలా రాత్రీపగలూ ఉంటుంది. రైలెక్కాక పని జరగదు. మధ్యలో మిగిలింది ఒక్కటే, ప్రదర్శన మైదానం నుంచి రైల్వే యార్డుకు పెట్టెలు లారీల్లో వెళ్ళే దారి. యార్డులో ఒక సోవియట్ మనిషి కూర్చుని వచ్చిన ప్రతి పెట్టెనూ రాసుకుంటాడు. అయితే ఏ పెట్టె ఎప్పుడు రావాలో చెప్పే జాబితా అతని దగ్గర లేదు. మైదానంలో ఉన్నవాళ్ళతో మాట్లాడే ఏర్పాటూ లేదు. వచ్చింది రాసుకుంటాడు, రానిది రాలేదని అతనికి తెలియదు. పథకం మొత్తం ఈ చిన్న లోపం మీదే నిలబడింది. చేతిలో ఒక జాబితా కాగితం ఉండుంటే ఆ సాయంత్రమే అల్లరయ్యేది.

లూనిక్ పెట్టె ఆ రోజు చివరి లోడుగా బయల్దేరేలా చూసుకున్నారు. లారీకి ముందొక కారు, వెనకొక కారు. సోవియట్లు కాపలాగా ఎవరినైనా పంపారేమో కనిపెట్టడం ఆ కార్లలో వాళ్ళ పని. ఎవరూ రాలేదు. యార్డుకు ముందు వచ్చే చివరి మలుపులో లారీ ఆపి, పెట్టె మీద కాన్వాసు కప్పి, అసలు డ్రైవరును దింపి హోటలు గదికి తీసుకెళ్ళి రాత్రంతా అక్కడే ఉంచారు. కొత్త డ్రైవరు లారీని పాత ఇనుప సామాన్ల యార్డుకు తోలుకెళ్ళాడు. పది అడుగుల ఎత్తు గోడలాంటి కంచె ఉన్న ఆ స్థలాన్ని ముందే అద్దెకు తీసుకున్నారు. అవతల రైల్వే యార్డులో లెక్కలు రాసే మనిషి ఇంకేమీ రావట్లేదని కాగితాలు సర్దుకుని భోజనానికి, ఆ తర్వాత గదికి వెళ్ళాడు. అతని మీద కూడా ఒక కన్నేసి ఉంచారు. అతను తిరిగి రావట్లేదని నమ్మకం కుదిరాకే, రాత్రి ఏడున్నరకు పని మొదలైంది.

పెట్టె పొడవు 20 అడుగులు, వెడల్పు 11, ఎత్తు 14. పక్క చెక్కలన్నీ లోపలి నుంచి బోల్టులతో బిగించి ఉన్నాయి. బయటి నుంచి తెరవాలంటే దారి పైకప్పే, దాని పలకలు రెండంగుళాల మందం. మేకులు పీకితే చెక్క మీద గాట్లు పడవా అంటారు. పడతాయి. కానీ ఆ పెట్టె ఊరూరా తిరుగుతూ ఎన్నోసార్లు తెరిచి మూసినది, పాత గాట్లు బోలెడు. కొత్తవి వాటిలో కలిసిపోతాయని ముందే చూసుకున్నారు. సరిగ్గా ఆ సమయంలో చుట్టూ ఒక్కసారిగా దీపాలు వెలిగాయి. పట్టుబడ్డామనుకుని అందరూ బిగుసుకుపోయారు. తీరా చూస్తే చీకటి పడగానే రోజూ వెలిగే వీధి దీపాలు! ఆ స్థలాన్ని పగలు ఎంత పరిశీలించినా ఈ సంగతి తెలిసేది కాదు. ఇలాంటి పనికి చోటు చూసుకునేవాళ్ళు అదే వేళకు ముందోసారి వెళ్ళి నిలబడాలి.

తాళ్ళ నిచ్చెనలు దింపి ఇద్దరు ముక్కు వైపు, ఇద్దరు తోక వైపు దిగారు. లూనిక్ పక్కకు పడుకోబెట్టి ఉంది. ముక్కు వైపు వాళ్ళు కిటికీ ఒకటి ఊడదీసి, లోపల అడుగుల గుర్తులు పడకుండా బూట్లు విప్పి, మేజోళ్ళతో దూరారు. ముద్రలను దగ్గరగా ఫోటోలు తీశారు. మొదటి రీలు అయిపోగానే బయట తిరుగుతున్న కారులో పంపి కడిగించారు. నెగెటివ్‌లు బాగున్నాయని కబురొచ్చింది. ఇది గమనించండి. కెమెరా పాడైందని మర్నాడు తెలిస్తే ఇంకో రాత్రి దొరకదు, కాబట్టి పని మధ్యలోనే పరీక్షించాల్సిందే.

తోక వైపు వాళ్ళ పని మొరటుది. అడుగు మూత 130 చదరపు తల బోల్టులతో బిగించి ఉంది. ఒక్కొక్కటే పానాతో విప్పి, బరువైన ఆ మూతను తాడుతో కట్టి పక్కకు జరిపారు. లోపల ఇంజను లేదు, దాన్ని బిగించే బ్రాకెట్లు, ఇంధన ట్యాంకు, ఆక్సిజన్ ట్యాంకు ఉన్నాయి. ఇంజను గదికీ ముక్కుకీ మధ్య ఉన్న అడ్డు పలకలోంచి ఒక కడ్డీ కొస పొడుచుకొచ్చింది. ముక్కులో ఉన్న పరికరాల గోళాన్ని పట్టి ఉంచేది ఆ కడ్డీయే. దాని కొసన నాలుగు దారుల విద్యుత్ సాకెట్ ఒకటి నట్టులా పనిచేస్తోంది. అది తిరగకుండా తీగ చుట్టి, తీగ కొసలకు సోవియట్ ముద్ర ఉన్న ప్లాస్టిక్ సీలు వేశారు.

గోళం కదలాలంటే ఆ సాకెట్ విప్పాలి, విప్పాలంటే సీలు తెంచాలి. తెంచేశాక వెనక్కి తగ్గడం కుదరదు. అందుకని ముందు తెంచలేదు. ఇలాంటి సీలు తెల్లారేలోపు ఇంకోటి తయారుచేయగలరా అని ఊళ్ళోని తమ కార్యాలయానికి కబురంపారు. చేయగలం అని జవాబొచ్చాకే తీగ కోశారు. ఈ పథకంలో నాకు అన్నిటికంటే నచ్చిన అడుగు ఇదే.

విప్పడం ఒక ఎత్తు, బిగించడం ఒక ఎత్తు. ఒకడు ఇరుకైన ముక్కులో గోళాన్ని మోచేతులతో జరుపుతూ సరిగ్గా కుదురులో నిలపాలి. ఇంకొకడు ఇవతలి గదిలోంచి, తనకు కనిపించని కడ్డీ మరలను అందుకోవాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా మర ఎక్కదు, బలవంతం చేస్తే మర చెడి మొదటికే మోసం. ఈ ఒక్క పనికి దాదాపు గంట పట్టింది. చివరికి ఎక్కింది. కొత్త సీలు వేశారు, 130 బోల్టులూ బిగించారు. అగ్గిపుల్ల, పెన్సిలు, కాగితం ముక్క, ఏదీ లోపల మిగల్లేదని మళ్ళీ మళ్ళీ చూసుకుని నాలుగింటికల్లా పైకప్పు మూసేశారు. ఐదు గంటలకు లారీ కదిలింది, దారిలో కాన్వాసు తీసి అసలు డ్రైవరుకు అప్పగించారు. ఏడింటికి సోవియట్ లెక్కల మనిషి వచ్చేసరికి పెట్టె యార్డులో సిద్ధంగా ఉంది. రాసుకుని రైలెక్కించాడు.

తిరిగి పెట్టేశారు కాబట్టి దొంగతనం కాదని మీలో ఎవరైనా వాదిస్తే, ఆ వాదన నా దగ్గర చెల్లదు. అడక్కుండా తీసుకుంటే దొంగతనమే.

ఇంతకీ ఏం దొరికింది? ఆ దశను తయారుచేసిన సంస్థ ఏదై ఉండవచ్చో, విద్యుత్ భాగాలు సరఫరా చేసిన మూడు సంస్థలేవో, అంకెలు వేసే పద్ధతి ఏమిటో తెలిసింది. ఇది తయారైన వాటిలో అయిదోదని కూడా తేలింది. అయిదోదంటే దీనికి ముందు కనీసం నాలుగు ఉన్నాయి. మాస్కో ప్రకటించిన ప్రయోగాలేమో మూడు. 1958లో మూడు, 1959 జూన్‌లో ఒకటి చంద్రుడి దాకా పోకుండానే విఫలమైన సంగతి అప్పట్లో వాళ్ళు పైకి చెప్పలేదు.

అంకెల నుంచి ఇలా కూపీ లాగే విద్య రెండో ప్రపంచ యుద్ధంలో బాగా పండింది. జర్మనీ నెలకు ఎన్ని యుద్ధ ట్యాంకులు చేస్తోందో తెలియక మిత్రదేశాలు సతమతమయ్యాయి. 1942 ఆగస్టుకు గూఢచారులు చెప్పిన అంకె 1,550. పట్టుబడ్డ ట్యాంకుల భాగాల మీది వరుస సంఖ్యలు చూసి గణాంకవేత్తలు చెప్పింది 327. యుద్ధం అయ్యాక జర్మన్ల రికార్డులు తిరగేస్తే ఉన్నది 342.

ఆ లెక్క మీరూ చేయొచ్చు. ఒకరు మిగతావాళ్ళకు తెలియకుండా 1 నుంచి తమకు తోచినంతవరకు చీటీలు రాసి డబ్బాలో వేయండి. మరొకరు అయిదు చీటీలు తీయండి. 14, 52, 31, 8, 45 వచ్చాయనుకుందాం. పెద్దది 52. దాని కింద మనకు కనబడని అంకెలు 47. వాటిని అయిదుతో భాగిస్తే 9.4, అంటే సగటున ఒక్కో ఖాళీ అంత. పెద్ద అంకె పైన కూడా అంతే ఖాళీ ఉంటుందని అనుకుని కలిపితే 61.4. అంటే డబ్బాలో 61 చీటీలు ఉండవచ్చు.

ఎక్కడ బెడిసికొడుతుందో కూడా చూడండి. ఒకే చీటీ తీస్తే అంచనా ఎటైనా పోతుంది. లూనిక్ విషయంలో చేతికొచ్చింది ఒక్క వస్తువే, కాబట్టి దాని మీది 5 నుంచి మొత్తం ఎన్నో చెప్పడానికి పూనుకోకూడదు, కనీసం ఎన్నో మాత్రమే చెప్పాలి. అంకెలు 1 నుంచి కాక 100 నుంచి మొదలైనా, మధ్యలో కావాలని కొన్ని వదిలేసినా లెక్క తప్పుతుంది. చీటీలు రాసేవాళ్ళు ఒకసారి ఇలా మోసం చేసి చూడండి, తీసేవాళ్ళు కనిపెట్టగలరేమో తెలుస్తుంది. డబ్బాలో అసలెన్ని ఉన్నాయో, మీ అంచనా ఎంతో రెండూ రాసి పంపండి.

ఇట్లు
మీ తాతయ్య