డబ్బు కడితే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వస్తదా? హైరింగ్‌లో నేను రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

పోయిన వారం ఒక అమ్మాయి ఫోన్ చేసింది. "మేడం, మా తమ్మునికి అమీర్‌పేటల రెండున్నర లక్షలు కట్టినం. మూడేండ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తరట, పీఎఫ్‌తో సహా. మంచిదేనా?" అని అడిగింది. కట్టేసిన తర్వాత అడుగుతోంది. కట్టకముందు అడిగినవాళ్లు ఇన్నేళ్లలో నాకు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే తగిలారు.

నేను పద్నాలుగేళ్లుగా హైరింగ్‌లోనే ఉన్నాను. మొదట మాదాపూర్‌లో ఒక స్టాఫింగ్ సంస్థలో చేశాను, ఇప్పుడు హనుమకొండలోనే ఉండి కంపెనీలకు మనుషుల్ని వెతికిపెడుతున్నాను. రెజ్యూమెలు చూడటం, ఇంటర్వ్యూలు కుదర్చడం, ఆఫర్ దాకా తీసుకెళ్లడం నా పని. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ రిపోర్టు, అంటే రెజ్యూమెలో రాసింది నిజమా కాదా అని ఆరా తీసిన రిపోర్టు, ఎర్ర గుర్తుతో వస్తే, ఆ పిల్లవాడికి ఫోన్ చేసి "రేపటి నుంచి రావద్దు" అని చెప్పాల్సింది కూడా నేనే. ఆ ఫోన్లు చేసీ చేసీ విసిగిపోయి ఇది రాస్తున్నాను.

అపోహ: లోపల మనిషి ఉంటే, పైసలు కడితే, ఉద్యోగం ఖాయం.

ముందు అసలు కన్సల్టెన్సీ ఎలా బతుకుతుందో చెబుతాను. మేము ఒక మనిషిని కంపెనీలో చేర్పిస్తే, ఆ మనిషి ఏడాది ప్యాకేజీలో ఇంత శాతమని కంపెనీ మాకు ఇస్తుంది. మా రంగంలో అందరి నోట్లో నానే లెక్క 8.33 శాతం, అంటే ఒక నెల జీతం. ఆరు లక్షల ప్యాకేజీ అయితే యాభై వేలు. అది కూడా వెంటనే చేతికి రాదు. చేరిన మనిషి సాధారణంగా తొంభై రోజుల్లోపు మానేస్తే మళ్లీ ఇంకొకరిని ఉచితంగా వెతికివ్వాలి, లేదా డబ్బు తిరిగివ్వాలి. కాబట్టి పని నిలబెట్టుకునే మనిషిని పంపడంలోనే మాకు లాభం. మీ దగ్గర డబ్బు అడిగేవాడికి ఆ చింత లేదు. మీరు కట్టిన రోజే వాడి పని అయిపోయింది.

రెఫరల్ సంగతీ అంతే. ఉద్యోగి తనకు తెలిసినవాళ్లను రెఫర్ చేసి, వాళ్లు చేరితే చాలా కంపెనీలు ఆ ఉద్యోగికి బోనస్ ఇస్తాయి. రెఫర్ చేయడానికి మీ దగ్గర ముప్పై వేలు అడుగుతున్నవాడు రెండు వైపులా తీసుకుంటున్నాడన్నమాట. పైగా రెఫరల్ అంటే సిఫారసు కాదు. మీ రెజ్యూమె నా కుప్పలో కొంచెం పైకి వస్తుంది, అంతే. ఇంటర్వ్యూ మీరే గెలవాలి.

"లోపల తినేవాళ్లు లేరా మేడం?" అంటారు. ఉన్నారు. 2023లో టీసీఎస్ నియామకాల్లో అక్రమాలు బయటపడ్డాయి. విచారణ తర్వాత కంపెనీ పదహారు మందిని తీసేసింది, ఆరు వెండర్ సంస్థలను దూరం పెట్టింది. అలాంటి తలుపు మీ కోసం తెరిచారే అనుకుందాం, దొరికిన రోజున అందులోంచి లోపలికి వచ్చినవాళ్ల పేర్లూ ఆ ఫైల్లోనే ఉంటాయి.

అసలు కొంపలు ముంచేది ఎక్స్‌పీరియన్స్ పెట్టించడం, అంటే చేయని ఉద్యోగం చేసినట్టు దొంగ కాగితాలు పుట్టించడం. దీని మీద కొంచెం నిదానంగా చెప్పాలి.

రెండేళ్ల కింద ఒక అబ్బాయి ఫైల్ నా టేబుల్ మీదికి వచ్చింది. జావా, మూడేళ్ల అనుభవం, మాటతీరు బాగుంది. జతచేసిన లెటర్‌లో 2019 జూన్‌లో చేరినట్టు ఉంది. లెటర్‌హెడ్ అడుగున చిన్న అక్షరాల్లో కంపెనీ సీఐఎన్ అచ్చేశారు. ప్రతి రిజిస్టర్డ్ కంపెనీకీ ఈ నంబరు ఉంటుంది, మొత్తం ఇరవై ఒక్క అక్షరాలూ అంకెలూ. మొదట ఒక అక్షరం, తర్వాత ఐదంకెలు, ఆపైన రాష్ట్రం గుర్తు రెండక్షరాలు, దాని పక్కనే నాలుగంకెల్లో కంపెనీ పుట్టిన సంవత్సరం. ఆ లెటర్‌లో ఆ నాలుగంకెలు 2021. కంపెనీ పుట్టకముందే రెండేళ్లు అందులో పనిచేశాడన్నమాట! లక్షా ఎనభై వేలు తీసుకున్నవాడు ఆ మాత్రం కూడా చూసుకోలేదు. వెరిఫికేషన్ ఏజెన్సీ దాకా వెళ్లకుండానే, కూర్చున్న చోటే నాకు దొరికిపోయింది.

"మాది పీఎఫ్‌తో సహా ప్యాకేజీ" అంటారు కొందరు, అదేదో కవచం అన్నట్టు. యూఏఎన్ అని ప్రతి ఉద్యోగికీ ఇచ్చే పీఎఫ్ నంబరు 2014 నుంచి ఉంది. పన్నెండంకెల నంబరు, ఎన్ని కంపెనీలు మారినా ఒకటే. సర్వీస్ హిస్టరీలో ఏ సంస్థ, ఎప్పుడు చేరారు, ఎప్పుడు మానేశారు అన్నీ ఉంటాయి. పాస్‌బుక్‌లో ఏ నెల జీతానికి సంబంధించిన డబ్బు అన్నది ఒక గడిలో ఉంటే, అది జమైన తేదీ పక్క గడిలో ఉంటుంది. నెల నెలా జీతం తీసుకున్నవాడి పాస్‌బుక్‌లో ఆ తేదీలు నెల నెలా మారుతూ పోతాయి. పద్నాలుగు నెలల పీఎఫ్ ఒకే వారంలో జమై ఉంటే ఇక అడగాల్సిందేముంది? జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్ అడుగుతాం, కంపెనీ ఇచ్చే పన్ను సర్టిఫికెట్ ఫారం 16 అడుగుతాం, జీతంలోంచి పన్ను (టీడీఎస్) కోస్తే ఆదాయపు పన్ను శాఖ స్టేట్‌మెంట్ 26ఏఎస్‌లో కనిపించాలి. అబద్ధాన్ని ఇన్ని చోట్ల ఒకేలా నిలబెట్టాలంటే ఎవరి వల్ల అవుతుంది?

దీనిలో క్రూరమైన సంగతి ఒకటుంది. ఈ రిపోర్టు చాలాసార్లు చేరిన తర్వాతే వస్తుంది. ఇంట్లో స్వీట్లు పంచేసి ఉంటారు. హాస్టల్ అడ్వాన్స్ కట్టి ఉంటారు. మొదటి జీతంతో అమ్మకు చీర కొని ఉంటారు. నాలుగో వారమో ఆరో వారమో మెయిల్ వస్తుంది. అదే రోజు ల్యాప్‌టాప్ తిరిగి ఇచ్చేయమంటారు, రిలీవింగ్ లెటర్ ఇవ్వరు. 2022 నవంబరులో యాక్సెంచర్ బహిరంగంగానే చెప్పింది, లేని కంపెనీల పేర్లతో లెటర్లు పెట్టినవాళ్లను గుర్తించి పంపించేశామని. చెప్పకుండా పంపించేసే కంపెనీలే ఎక్కువ.

దొరకనివాళ్లు లేరా అంటే, ఉన్నారు. మీ బాబాయి కొడుకు దోస్తు ఒకడు బాగానే ఉన్నాడు కావచ్చు. అతన్ని ఒకసారి నిదానంగా అడగండి. మూడేళ్లవాడని తీసుకున్నారు కాబట్టి మూడేళ్లవాడి పనే ఇస్తారు. అది రాక, రాత్రిపూట "జాబ్ సపోర్ట్" పేరుతో ఇంకొకరికి నెలకు ఇంతని కట్టి పని చేయించుకునేవాళ్లు నాకు తెలుసు. కంపెనీ మారిన ప్రతిసారీ ఆ లెటర్ మళ్లీ బయటికి తీయాలి, మళ్లీ ఆరు వారాలు నిద్ర ఉండదు.

పిల్లలు ఎందుకు ఇందులో పడతారో నాకు తెలియక కాదు. 2022 తర్వాత ఫ్రెషర్ల నియామకాలు బాగా తగ్గాయి. ఆఫర్ ఇచ్చి నెలల తరబడి చేర్చుకోని కంపెనీలూ ఉన్నాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో బీటెక్ చదివి రెండేళ్లు ఇంట్లో కూర్చున్నవాడిని, ప్రతి పెళ్లిలోనూ "ఏం జేస్తున్నవ్ రా ఇప్పుడు?" అని అడుగుతుంటే వాడు ఎవరి మాటైనా నమ్ముతాడు. ఖాళీ ఏడాది కనిపిస్తే రెజ్యూమె చెత్తబుట్టలో పడేస్తారన్న భయం ఒకటి. ఆ భయమే ఈ దుకాణాలకు పెట్టుబడి.

గ్యాప్ నేరం కాదు. పరకాల వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి రెండేళ్లు మేనమామ ఎరువుల దుకాణంలో కూర్చుంది. రెజ్యూమెలో ఆ ముక్క దాచిపెట్టింది. "అదేం ఉద్యోగం మేడం, చెప్తే నవ్వుతరు" అంది. నేనే పట్టుబట్టి రాయించాను. అప్లికేషన్ సపోర్ట్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ, అంటే వాడుకలో ఉన్న సాఫ్ట్‌వేర్‌కు ఇబ్బంది వస్తే చూసుకునే పని. మేనేజర్ సగం సమయం ఆ దుకాణం గురించే అడిగాడు. యూరియా అమ్మాలంటే పాస్ మెషిన్‌లో రైతు వేలిముద్ర పడాలి కదా, వానాకాలం రద్దీలో సర్వర్ ఆగిపోతే ఏం చేసేదానివి అని. ఆమె చెప్పింది: టోకెన్లు రాసిచ్చి వరుస కాపాడటం, ముసలివాళ్ల వేళ్లు అరిగి ముద్ర పడకపోతే తడిగుడ్డతో తుడిపించి ఇంకో వేలు పెట్టించడం, సాయంత్రం మెషిన్‌లో స్టాకూ గోదాంలో బస్తాలూ సరిపోయాయో లేదో చూడటం. ఇంతకంటే సపోర్ట్ పని అంటే ఏముంటుంది? చిన్న జీతమే, కానీ ఆమె ఫైల్లో ఉన్న ప్రతి కాగితం నిజం.

అపోహ: గల్ఫ్‌కో ఫారిన్‌కో అయితే ఏజెంటుకు లక్షలు కట్టక తప్పదు.

కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు ఇది ఇంకా ఆచారంలా నడుస్తోంది. 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగిన సర్వీస్ చార్జీ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతకు మించి అడిగితే అది అక్రమం. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో కేంద్ర విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడొచ్చు. విదేశాల్లో ఉద్యోగాలకు పంపడానికి రాష్ట్ర ప్రభుత్వానికే టామ్‌కామ్ అనే సంస్థ ఉంది. ఇక "కంబోడియాలో డేటా ఎంట్రీ, విజిట్ వీసా మీద పంపిస్తాం, అక్కడికి పోయాక మారుస్తాం" అన్న మాట వినబడితే పాస్‌పోర్టు ఇవ్వకండి. కంబోడియా, మయన్మార్, లావోస్‌లలో మన పిల్లల్ని బంధించి సైబర్ మోసాలు చేయించారు.

అపోహ: రెజ్యూమెను మనుషులు చదవరు, ఏటీఎస్ సాఫ్ట్‌వేరే తీసేస్తుంది.

నేను చదువుతాను. ఏటీఎస్ అంటే మాకు బీరువా లాంటిది, వచ్చిన రెజ్యూమెలు పెట్టుకుని వెతుక్కోవడానికి. నోటీస్ పీరియడ్, ఊరు మారతారా వంటి ప్రశ్నలకు మీరిచ్చిన జవాబును బట్టి కొన్ని పక్కకు పోతాయి, నిజమే. రెండు వరుసల డిజైన్లు, గీతలు, స్టార్ల బొమ్మలు మానేసి మామూలుగా రాయండి, చాలు. "ఏటీఎస్ స్కోరు 95 చేస్తాం, రెండు వేలు" అనేవాళ్లకు ఒక్క రూపాయి ఇవ్వకండి. ఆ స్కోరు మా తెరమీద కనబడదు.

అపోహ: ఏఐ వచ్చింది, ఫ్రెషర్ల పని అయిపోయింది.

పని మారింది. చాట్‌జీపీటీ 2022 చివర్లో వచ్చాక నా దగ్గరికి వచ్చే రెజ్యూమెల్లో మొదటి పేరా అందరిదీ ఒకేలా ఉంటోంది. అవే విశేషణాలు, అవే వాక్యాలు. అందుకే మళ్లీ ఎదురుగా కూర్చోబెట్టి అడుగుతున్నాం. వీడియో ఇంటర్వ్యూలో పక్క తెర మీది జవాబు చదువుతుంటే కళ్లు ఎడమ నుంచి కుడికి కదలడం మాకు తెలిసిపోతుంది. ఏఐతో నేర్చుకోండి, కోడ్ రాయించుకోండి కూడా. ఏ వరుస ఎందుకు రాశావని అడిగితే చెప్పగలగాలి.

అపోహ: బాండ్లు చెల్లవు, సంతకం పెట్టి ఎప్పుడైనా వెళ్లిపోవచ్చు.

బాండు అంటే ఇన్నేళ్లు పనిచేస్తాను, మధ్యలో మానేస్తే ఇంత కడతాను అని రాసిచ్చే కాగితం. కొన్ని చెల్లుతాయి, కొన్ని చెల్లవు. 2025 మేలో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వ బ్యాంకు కేసులో రెండు లక్షల బాండును సమర్థించింది. చదివి సంతకం పెట్టండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరి దగ్గరా వదిలిపెట్టకండి, చూపించి తెచ్చుకోండి.

అపోహ: వరంగల్‌లో ఉద్యోగాలే లేవు.

హైదరాబాద్ అంత లేవు. మడికొండలో 2020లో టెక్ మహీంద్రా, సైయెంట్ ఆఫీసులు తెరిచాయి, గీసుగొండ వైపు మెగా టెక్స్‌టైల్ పార్కు ఉంది. మొదటి ఉద్యోగానికి ఊరు చూడకుండా దరఖాస్తు పెట్టండి.

ఇప్పటికే కట్టేసినవాళ్ల కోసం ఒక మాట. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అమ్మి, ఆ డబ్బు కొడుకు కోసం కట్టిన ఒక పెద్దమనిషి మొన్న చలికాలంలో వచ్చాడు. సంచిలోంచి రబ్బరు బ్యాండు వేసిన కాగితాలు తీశాడు. అన్నీ ఫోన్‌పే రసీదుల ప్రింట్లు, జిరాక్స్ సెంటర్‌లో తీయించుకొచ్చాడు. "బిడ్డా, పైసలు పోతే పోయినయ్. మావోడు జైలుకు పోతడా?" అన్నాడు. కొడుకు బయట బండి దగ్గరే నిలబడ్డాడు, లోపలికి రాలేదు.

ఆ డబ్బుకు వచ్చిన దొంగ ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇంకా ఏ కంపెనీకీ ఇవ్వలేదని అడిగి తెలుసుకున్నాను. అయితే దాన్ని రెజ్యూమెలోంచి ఈరోజే తీసేయమన్నాను. వాట్సాప్ మాటలు చెరపకుండా దాచమన్నాను, రసీదులన్నీ తేదీల వరుసలో పెట్టాం. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఎంత తొందరగా ఫోన్ చేస్తే అంత మంచిది, వీళ్లది నెలలు దాటింది. ఉద్యోగమని చెప్పి డబ్బు గుంజడం మోసమే, భారతీయ న్యాయ సంహిత 318 కింద స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వొచ్చని చెప్పి, తేదీలతో కాగితం రాసిచ్చాను. తర్వాత బయటికి వెళ్లి ఆ అబ్బాయిని లోపలికి పిలిచాను. రెజ్యూమె కొత్తగా రాయడానికి గంటన్నర పట్టింది. 2023 నుంచి 2025 దాకా ఉన్న చోట ఏం రాయాలని అడిగితే, "బాపుతోని మిర్చి చేన్ల పని జేసిన మేడం" అన్నాడు. అదే రాశాం.