శేషాచలం దుంగ సముద్రం దాటే దారి

ఎర్రచందనం సహజంగా పెరిగేది శేషాచలం, వెలిగొండ, పాలకొండ, లంకమల కొండల్లోనూ వాటిని ఆనుకున్న అడవుల్లోనూ మాత్రమే. రాతినేలలో, అరకొర వానల మధ్య, ఏళ్లతరబడి మెల్లగా పట్టే చేవే ఈ చెట్టు విలువ. దాని చేటు కూడా అదే. తిరుపతి పరిసరాల్లో దీనితో బొమ్మలు చెక్కేవారు, అరగదీసి వాపులకు పట్టు వేసేవారు. ఎరుపు రంగు కోసం ఐరోపా వర్తకులు ఓడల్లో తీసుకుపోయారు. చైనాలో కులీనుల గృహోపకరణాలకూ, జపాన్‌లో షామిసెన్ అనే తీగవాద్యం మెడకూ ఈ కలపకు పేరుంది. అణు రియాక్టర్లలో వాడతారన్న మాట మన టీ అంగళ్లలో తరచూ వినబడుతుంది గానీ, గిరాకీ ఎక్కడిదో తెలుసుకోవడానికి కుర్చీలూ బల్లలూ చాలు.

జాతి అంతరించిపోతుందన్న ఆందోళనతో 1995లో ఎర్రచందనాన్ని, అంతరించే ముప్పున్న జీవజాతుల వ్యాపారాన్ని అదుపుచేసే సైటిస్ అంతర్జాతీయ ఒప్పందపు రెండో అనుబంధంలో, అంటే అనుమతులతోనే వ్యాపారం సాగాల్సిన జాతుల జాబితాలో చేర్చారు. అడవి చెట్ల దుంగల ఎగుమతిని మన దేశం నిషేధించింది. అయితే చైనాలో సంపద పెరిగేకొద్దీ ఖరీదైన ఫర్నిచర్‌పై మోజు పెరిగింది. ఇక్కడ తలుపు మూసినా అక్కడ కొనేవాడి చేతిలో డబ్బు తగ్గలేదు కనుక, సక్రమ వ్యాపారం వదిలిన చోటును దొంగ వ్యాపారం ఆక్రమించింది.

ఈ వ్యాపారంలో చెట్టు నరికేవాడికి కొనేవాడి పేరు కూడా తెలియదు. తమిళనాడులోని తిరువణ్ణామలై జిల్లా జవ్వాదు కొండల నుంచీ, చుట్టుపక్కల పల్లెల నుంచీ, పనులు దొరకని కూలీలను మేస్త్రీలు అడ్వాన్సు చేతిలో పెట్టి తీసుకొస్తారు. వాళ్లు రోజులతరబడి అడవిలోనే వండుకు తిని, దుంగలను భుజాన మోసి రోడ్డు చేరుస్తారు. ముందు పైలట్ వాహనం, వెనుక సరుకు బండి. ఆపైన గోదాము, ఓడరేవు, కాగితాల్లో మరేదో సరుకు పేరు రాసిన కంటెయినర్. చెన్నై, ముంబై రేవుల మీదుగానే కాక నేపాల్, మయన్మార్ సరిహద్దుల గుండా కూడా దుంగలు దాటాయి.

2013 డిసెంబరులో శేషాచలంలో ఇద్దరు అటవీ అధికారులు కూలీల దాడిలో హతమయ్యారు. ఆ తర్వాత గాలింపులు ముమ్మరమయ్యాయి, ప్రత్యేక టాస్క్‌ఫోర్స్ ఏర్పడింది, విచారణ లేకుండానే ముందస్తుగా నిర్బంధించే పీడీ చట్టం ప్రయోగం పెరిగింది. 2015 ఏప్రిల్ 7న చంద్రగిరి మండలంలో కాల్పుల్లో 20 మంది మరణించారు. ఆత్మరక్షణకే కాల్చామని పోలీసులు, బూటకపు ఎన్‌కౌంటర్ అని హక్కుల సంఘాలు చెప్పగా, జాతీయ మానవ హక్కుల కమిషన్ కూడా జోక్యం చేసుకుంది. మృతులు తమిళనాడు కూలీలు.

నివారణ అంటే ఇన్నేళ్లూ ప్రధానంగా కొండ అంచున కాపలాగానే సాగింది. అదీ అవసరమే; కానీ ఒక కూలీ జైలుకు పోతే మేస్త్రీకి మరో కూలీ దొరుకుతాడు, రేవులో కాగితాలు సృష్టించేవాడికి ప్రత్యామ్నాయం అంత సులువుగా దొరకదు. అందువల్ల కస్టమ్స్, రెవెన్యూ నిఘా, రెండు రాష్ట్రాల పోలీసులు కలిసి డబ్బు జాడ పట్టడం, జవ్వాదు కొండల్లో పని కల్పించడం ఈ గొలుసును బలంగా తాకుతాయి.

2023 నవంబరులో సైటిస్ స్థాయీ సంఘం, 2004 నుంచి భారత ఎర్రచందనం వ్యాపారంపై సాగిన ప్రత్యేక సమీక్షను ముగించింది. తోటల్లో ఈ చెట్టు పెంచి ఎగుమతి చేయాలనుకునే రైతులకు ఇది ఊరట. అయితే కంటెయినర్‌లోని దుంగ పట్టాభూమిలో పెరిగినదా, కొండ మీద నరికినదా అన్నది రేవులో నిలబడి చూసే అధికారి కంటికి తెలియదు; చెట్టు కొట్టిన నాడే వేసిన గుర్తూ, రవాణా పర్మిటూ దానితోపాటు రేవు దాకా నడవాలి.