క్రియేటివ్ పనికి హై-ఎండ్ ల్యాప్‌టాప్: అపోహలు - వాస్తవాలు

వీడియో ఎడిటింగ్, కలర్ గ్రేడింగ్ (వీడియో రంగులను తీర్చిదిద్దడం) నా వృత్తి. కొత్త ల్యాప్‌టాప్ కొనబోయే ముందు తోటి ఎడిటర్లు, ఫొటోగ్రాఫర్లు అడిగే ప్రశ్నలు ఎక్కువగా ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డుల పేర్ల చుట్టూనే తిరుగుతుంటాయి. మా పనికి అంతకంటే ముఖ్యమైనవి రెండున్నాయి: గంటల తరబడి పనిచేసినా తగ్గని వేగం, తెర మీద నమ్మదగిన రంగు.

అపోహ: గ్రాఫిక్స్ కార్డు పేరు ఒకటే అయితే పనితీరూ ఒకటే.

వాస్తవం: ఆ చిప్‌కు ఎన్ని వాట్లు అందించాలో నిర్ణయించేది ల్యాప్‌టాప్ తయారీ సంస్థ. ఆర్‌టీఎక్స్ 4090 ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ చిప్‌కు దాని తయారీ సంస్థ ఎన్విడియా ఇచ్చిన పరిధి 80 నుంచి 150 వాట్లు కాబట్టి, అదే పేరున్న రెండు యంత్రాల మధ్య కూడా చాలా తేడా ఉండవచ్చు. పైగా డెస్క్‌టాప్ 4090లో 24 జీబీ వీడియో మెమరీ ఉంటే, ల్యాప్‌టాప్ 4090లో ఉన్నది 16 జీబీయే. పలుచని ల్యాప్‌టాప్‌లో పెద్ద ఎక్స్‌పోర్ట్ (ఎడిట్ చేసిన వీడియోను తుది ఫైలుగా మార్చే పని) పెట్టి గమనించండి. మొదటి కొద్ది నిమిషాలు చకచకా సాగుతుంది. ఆ తర్వాత ఫ్యాన్ల హోరు పెరుగుతుంది, వేడి తట్టుకోలేక చిప్ తన వేగం తానే తగ్గించుకుంటుంది, తెర మీద చూపే మిగిలిన సమయం తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. అందువల్ల రెండు నిమిషాల బెంచ్‌మార్క్ (వేగ పరీక్ష) అంకెలను నేను పట్టించుకోను. కనీసం అరగంట ఏకధాటి భారం పెట్టి చేసిన పరీక్షను, ఛార్జర్ తీసేశాక వేగం ఎంత పడిపోతుందో చెప్పే సమీక్షను వెతకాలి.

అపోహ: 4కె ఓఎల్‌ఈడీ తెర ఉంటే రంగుల గురించి బెంగ అక్కర్లేదు.

వాస్తవం: రెజల్యూషన్‌కూ రంగు కచ్చితత్వానికీ సంబంధం లేదు. వెబ్ కోసం పనిచేసేవారికి ఎస్‌ఆర్‌జీబీ, సినిమా కోసమైతే డీసీఐ-పీ3, ప్రింట్ కోసమైతే అడోబ్ ఆర్‌జీబీ అనే రంగుల పరిధి ముఖ్యం. తెర ఆ పరిధిని ఎంత శాతం చూపగలదో, అసలు రంగుకు ఎంత దగ్గరగా చూపుతుందో చెప్పే డెల్టా-ఇ (Delta E) అనే కొలత ఎంతో తెలుసుకోవాలి. రంగుల పరిధి విస్తృతంగా ఉన్న తెరను ఎస్‌ఆర్‌జీబీకి పరిమితం చేయకుండా వెబ్ వీడియో గ్రేడ్ చేస్తే జరిగేది ఇది: ముఖాలు అవసరానికి మించి ఎర్రగా కనిపిస్తాయి, మనం శాచురేషన్ (రంగుల గాఢత) తగ్గిస్తాం, చివరకు చూసేవారి ఫోన్లలో అవే ముఖాలు పాలిపోయి కనిపిస్తాయి. ఎంత మంచి తెరకైనా కాలం గడిచేకొద్దీ రంగు మారుతుంది. అందుకే ల్యాప్‌టాప్ బడ్జెట్‌లోనే కాలిబ్రేటర్ (తెర రంగులను కొలిచి సరిచేసే పరికరం) ఖర్చును కూడా కలుపుకోవాలని గట్టిగా చెబుతాను.

అపోహ: ప్రాసెసర్ శక్తిమంతమైనదైతే ఏ ఫుటేజ్ అయినా సాఫీగా నడుస్తుంది.

వాస్తవం: ఇప్పటి కెమెరాలు ఇచ్చే 10-బిట్ 4:2:2 హెచ్.265 ఫైళ్లను (రంగుల వివరం ఎక్కువగా ఉండి, బాగా కుదించిన వీడియోలను) విప్పడానికి చిప్‌లో ప్రత్యేకమైన డీకోడర్ ఉండాలి. అది లేకపోతే ఎన్ని కోర్లున్నా ఎడిటింగ్ టైమ్‌లైన్‌లో వీడియో తడబడుతుంది. ఎన్విడియా ఈ సదుపాయాన్ని 2025లో ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తోనే తెచ్చింది. ఆపిల్ ఎం శ్రేణి చిప్‌లలోనూ, ఇంటెల్ క్విక్ సింక్ (వీడియో కోసమే ఉండే ప్రత్యేక భాగం) ఉన్న ఇటీవలి ప్రాసెసర్లలోనూ అంతకుముందే ఉంది. కాబట్టి మీ కెమెరా ఏ ఫార్మాట్‌లో రికార్డు చేస్తుందో ముందు చూసుకోండి.

అపోహ: ర్యామ్ తర్వాత పెంచుకోవచ్చు.

వాస్తవం: చాలా పలుచని మోడళ్లలో ర్యామ్‌ను బోర్డుకే అతికిస్తారు, ఆపిల్ ఎం శ్రేణిలో అది చిప్ ప్యాకేజీలోనే ఉంటుంది. తర్వాత పెంచే దారి లేదు. వీడియో పనికి 32 జీబీ కంటే తక్కువ తీసుకోవద్దన్నది నా అభిప్రాయం.

అపోహ: యూఎస్‌బీ-సి పోర్టులన్నీ ఒకటే.

వాస్తవం: ఆకారం ఒకటే, వేగం వేరు. థండర్‌బోల్ట్ 4 రకం పోర్టు సెకనుకు 40 గిగాబిట్లు పంపగలదు. అచ్చం అలాగే కనిపించే మరో పోర్టు 10 గిగాబిట్ల దగ్గరే ఆగిపోవచ్చు. ఇక ఎస్‌డీ కార్డు స్లాట్ విషయానికొస్తే, ఆపిల్ 2016లో మ్యాక్‌బుక్ ప్రో నుంచి దాన్ని తీసేసి, 2021లో 14, 16 అంగుళాల మోడళ్లలో మళ్లీ పెట్టింది. షూటింగ్ స్పాట్‌లోనే కార్డు ఖాళీ చేయాల్సిన వారు అడాప్టర్ మీద ఆధారపడకుండా స్లాట్ ఉన్న మోడలే తీసుకోవడం మేలు.