‘వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే వచ్చాయట’: పిల్లల ఎదుగుదలపై అపోహలు - వాస్తవాలు

మూడేళ్లు నిండినా మాటలు రాని పిల్లవాణ్ని తీసుకొచ్చిన తల్లి మొదట చెప్పేది దాదాపు ఎప్పుడూ ఒకటే: “వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే వచ్చాయట, డాక్టరుగారూ.” ఆ ‘ట’ వింటే నాకు ఒళ్లు మండుతుంది. తల్లి మీద కాదు, ఆ మాట ఆమె చెవిలో వేసినవాళ్ల మీద.

ఆలస్యంగా మొదలుపెట్టి తోటివాళ్లను అందుకునే పిల్లలు లేరా? ఉన్నారు. ఆ పిల్లల్లో మీ వాడు ఉన్నాడో లేడో ఇంట్లో కూర్చుని చెప్పలేం. ఏడాది నిండినా ‘బబ, దద’ అనకపోయినా, వేలితో చూపించడం, చెయ్యూపడం వంటి సైగలేవీ లేకపోయినా, 16 నెలలకు ఒక్క మాటైనా రాకపోయినా, రెండేళ్లకు సొంతంగా రెండు మాటలు కలపకపోయినా ఆగకండి. వచ్చిన మాటలు పోతే, అది ఏ వయసులోనైనా సరే, ఆ వారమే చూపించండి.

వృత్తిలో కొత్తలో నేనూ ఒక తల్లితో “ఆరు నెలలు చూద్దాం” అన్నాను. తలుపు దబాలున పడితే తిరుగుతున్నాడు కాబట్టి చెవులు బాగానే ఉన్నాయనుకున్నాం. పిలిస్తే పలకనిది మొండితనమన్నారు ఇంట్లో. మళ్లీ వచ్చినప్పుడు వాడి నీడ పడని చోట వెనక నిలబడి సన్నగా ‘స్... స్...’ అన్నాను. బొమ్మకారు తోసుకుంటూనే ఉన్నాడు. బల్ల మీద తడితే గిర్రున తిరిగాడు. శబ్దాలకు చెవి నరం, మెదడు ఎలా స్పందిస్తున్నాయో చూసే బెరా పరీక్షలో విషయం తేలింది: ‘దబ్’ లాంటి బరువైన చప్పుళ్లు వినిపిస్తాయి, ‘స్’ లాంటి సన్నని, కీచు ధ్వనులు వినపడవు. మాటల్లో సగం అక్షరాలు వాడికి చేరనేలేదు. అప్పటి నుంచి మాట ఆలస్యమైన ప్రతి బిడ్డకూ ముందు వినికిడి పరీక్షే రాస్తున్నాను.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఇంట్లో రెండు భాషలు మాట్లాడితే మాటలు ఆగిపోవు. మగపిల్లలకు వేరే గడువు లేదు. 18 నెలలకు నడవకపోతే చూపించాల్సిందే. ఏడాదిలోపే ఒక్క చేతినే వాడుతుంటే అది ‘ఎడమచేతి వాటం’ అని మురిసిపోకండి, రెండో చేతిని డాక్టరుకు చూపించండి. రెండు నెలలు ముందు పుట్టిన బిడ్డకు ఏడాది నిండితే పది నెలలుగానే లెక్కించాలి, రెండేళ్ల వరకూ ఇదే లెక్క. ఫోనులో నింపిన ప్రశ్నావళి రోగ నిర్ధారణ కాదు.

పరీక్ష అంటే భయపడేవాళ్లకు ఒక మాట: అందులో ఎక్కువ భాగం ఆటే. దిమ్మెలు, బంతి, బొమ్మ, నేల మీద నేను. సమస్య పేరు తేలకముందే థెరపీ మొదలుపెట్టవచ్చు. వచ్చేటప్పుడు పుట్టినప్పటి కాగితాలతో పాటు ఇంట్లో ఆడుకుంటున్న వీడియో రెండు నిమిషాలు తెండి. నా గదిలో చాలామంది నోరే విప్పరు.